మూడో కాగితం మనిషి

నేను కాస్త హుషారుగా కనిపిస్తే చాలు, మా తమ్ముడు అడిగే మొదటి మాట ఒకటే. "మందు వేసుకున్నావా అక్కా?"

లోకంలో అందరికీ సంతోషం ఊరికే రావచ్చు. నాకు వస్తే మాత్రం దానికి డాక్టరు చీటీ చూపించాలి. మనసు ఒకసారి ఆకాశానికెగిసి ఇంకోసారి పాతాళానికి జారే బైపోలార్ అనే జబ్బుతో పదేళ్ళుగా కాపురం చేస్తున్నాను కాబట్టి ఈ సోదాలు అలవాటైపోయాయి. ఆ మంగళవారం ఆస్పత్రి నుంచి దాదాపు పరుగెత్తుకుంటూ కొట్టుకు వచ్చేసరికి వాడు ఎవరిదో బీరువా తాళం విప్పుతున్నాడు. తలెత్తి అదే మాట అడిగాడు.

"వేసుకున్నాను. ఎనిమిది గంటలు నిద్ర కూడా పోయాను. ఇంకేమైనా తనిఖీ ఉందా?" అన్నాను.

"మరెందుకలా ఊగిపోతున్నావు?"

"చెప్తానుండు. ముందు ఊపిరి తీసుకోనీ."

బస్సులు ఆగే చోటుకు ఎదురుగా, మందుల షాపుకూ ఫొటో స్టూడియోకూ మధ్య ఇరుక్కుని ఉంటుంది మా కొట్టు. మా నాన్న పెట్టింది. మిషన్ మీద తాళంచెవులు కోసేదాన్ని నేను. ఇళ్ళకెళ్ళి మొరాయించిన తాళాలు తెరిచేది, కొత్తవి బిగించేది తమ్ముడు. వీధి వీధంతా నన్ను తాళాలక్క అంటుంది, వాణ్ణి గట్టోడు అంటుంది. తాళం బిగించాక పదిసార్లు లాగి చూడందే గుమ్మం దిగడని వాడికా పేరు. "గట్టోడు వేసిన తాళమండీ, ఇక గుండెల మీద చెయ్యేసుకుని పడుకోవచ్చు" అని జనం అంటుంటే నాకు ఒళ్ళు పొంగేది. నలుగురిలో నేనూ గొప్పలు పోయేదాన్ని. వాడిలో ఉన్న లోపమల్లా మతిమరుపు. రోజుకు మూడుసార్లయినా సగం దారి నుంచి "స్క్రూడ్రైవర్ మర్చిపోయానక్కా" అంటూ వెనక్కి పరుగెత్తేవాడు. నలభై దాటకుండానే ఇంత మరుపేమిటిరా అని ఏడిపించేదాన్ని.

ఊపిరి కుదుటపడ్డాక సంగతి చెప్పాను. మా ఆస్పత్రికి ఒక పరిశోధన డాక్టరమ్మ వచ్చింది. ఎవరికి ఏ మందు పనిచేస్తుందో, ఎవరికి ఎందుకు పనిచేయదో తెలుసుకోవాలంటే ఒకరిద్దరి ఫైళ్ళు చాలవట, వేలమందివి కావాలట. పేర్లూ ఊర్లూ తీసేసి, మనిషి జాడ తెలియకుండా చేసి, అందరివీ ఒకచోట చేరుస్తారట. ఇష్టమైతేనే ఇవ్వొచ్చట, ఇవ్వకపోయినా నా వైద్యానికి ఏ లోటూ ఉండదట. సంతకానికి పది రోజులు గడువిచ్చింది.

"ఇచ్చేస్తున్నాను," అన్నాను.

తమ్ముడి చేతిలోని పనిముట్టు ఠంగుమని బీరువా మీద పడింది.

"నీకేమైనా మతిపోయిందా?" అని, ఆ మాట నా దగ్గర అనకూడదని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. "అది కాదక్కా. ఆ ఫైలు బయటికొస్తే మన కొంప మునుగుతుంది. మనది ఏం వ్యాపారం? జనం వాళ్ళ ఇంటి తాళంచెవి తెచ్చి నీ చేతిలో పెడతారు. ఈమె ఇన్నాళ్ళు మెంటలాస్పత్రిలో ఉందట అని ఒక్కడికి తెలిస్తే చాలు, రేపట్నుంచి ఇక్కడ ఈగలు తోలుకోవాలి."

వాడన్నది అబద్ధం కాదు. అదే నన్ను మండించింది. ఆరేళ్ళ క్రితం నాకు జబ్బు పైకెగిసినప్పుడు నాలుగు రోజులు నిద్రాహారాలు మాని మూడువందల నలభై తాళంచెవులు కోశాను. లోకంలోని తలుపులన్నీ ఒకే చెవితో తెరుచుకోవాలని నా పంతం. ఆ మూడువందల నలభైలో ఒక్కటీ ఒక్క తాళానికీ పట్టలేదు. వాటన్నిటినీ బస్తాకెత్తి వీపున మోసుకెళ్ళి పారేసింది తమ్ముడే. నన్ను ఆస్పత్రిలో చేర్చి, ఐదు వారాలూ "అక్క చుట్టాలింటికెళ్ళింది" అని వీధికంతా చెప్పిందీ వాడే. ఆ ఒక్క అబద్ధం మీద మా కొట్టు ఇవాళ్టికీ నిలబడి ఉంది.

"పేర్లు తీసేస్తారని చెప్తున్నానుగా," అన్నాను.

"తీసేస్తారు, తీసేస్తారు. దొంగ చేతికి తాళాలిచ్చి, వాడు మంచివాడులే అనుకున్నట్టుంది."

"ఫైలు నాది, భయం నీది. కందకు లేని దురద కత్తికెందుకురా?"

"కంద ఒక్కదానిదే కాదు కదా కొట్టు!"

నేను అరిచాను. నాకు కోపం తొందరగా వస్తుంది, అది జబ్బు కాదు, నాన్న పోలిక. మొదట ఇచ్చిన మందు నన్ను మొద్దును చేసింది. రెండోది చేతులు వణికించింది, తాళంచెవి పళ్ళు వంకరపోయేవి. మూడోది పనిచేయనే లేదు. నాలుగోదానికి మనిషినయ్యాను. ఈ లోపల రెండేళ్ళు పోయాయి. నాలాంటివాళ్ళ ఫైళ్ళు వెయ్యి ముందే ఒకచోట ఉండుంటే, ఆ నాలుగోది మొదటే ఇచ్చేవాళ్ళేమో! ఇంకెవరి రెండేళ్ళూ అలా పోకూడదు. అదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. తమ్ముడు తల దించుకున్నాడు గానీ దిగిరాలేదు.

"వాళ్ళు పేర్లకు వేసే తాళం గట్టిదని రుజువేమిటి? వేసినవాళ్ళే గట్టిదంటే సరా?" అన్నాడు.

అంతే! నా బుర్రలో దీపం వెలిగింది. మా వృత్తిలో నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. బాగుచేసిన తాళాన్ని బాగుచేసినవాడు పరీక్షించకూడదు. రెండోవాడికివ్వాలి, వాడు నిజంగా తెరవాలని చూడాలి, ఓడిపోవాలి. అప్పుడే అది గిరాకీ చేతికి వెళ్ళాలి.

"అయితే నువ్వే తెరువు," అన్నాను. "నా కాగితం జాడలు తీసేసి ఇంకో నాలుగింటిలో కలిపిస్తారు. నాది ఏదో కనిపెట్టు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నాకు నీకంటే ఇంటి దొంగ ఎవడున్నాడు? నువ్వు కనిపెడితే నేను సంతకం పెట్టను, ఈ ఊసే ఎత్తను. కనిపెట్టలేకపోతే నువ్వు నోరు మూసుకోవాలి."

వాడి కళ్ళు మెరిశాయి. తెరుచుకోని తాళం చూపిస్తే మా ఇంట్లో ఎవరికీ చెయ్యి ఊరుకోదు. "సరే," అన్నాడు.

మర్నాడు డాక్టరమ్మకు ఈ ఆలోచన చెప్తే ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. ముప్పై ఏళ్ళుంటాయేమో, కళ్ళజోడు ఎప్పుడూ జారిపోతుంటుంది.

"ఎంతమంది దగ్గర సంతకాలు తీసుకున్నానో! ఈ తాళం తెరిచి చూస్తానన్నవాళ్ళు మీరొక్కరేనమ్మా," అంది. ఆ వెంటనే మొహం సీరియస్‌గా పెట్టింది. "ఒకటి చెప్పాలి. ఇది నూటికి నూరుపాళ్ళు తెరుచుకోదని నేను మాటివ్వలేను. చాలా కష్టం, అంతవరకే చెప్పగలను."

ఆ మాటతో ఆవిడ మీద నాకు నమ్మకం కుదిరింది. నూటికి నూరు అన్నవాడి దగ్గర తాళం కొనొద్దని నాన్న చెప్పేవాడు.

ఆవిడ పైవాళ్ళను అడిగి అనుమతి తెచ్చింది. నా కాగితం తమ్ముడికి చూపించడం నిజంగా ఇష్టమేనా అని మూడు రోజుల్లో మూడుసార్లు అడిగింది. మిగతా నాలుగూ ఎక్కడెక్కడివో నిజమైన మనుషులవే. ఎవరైనా చదవొచ్చు, చదివి నేర్చుకోవచ్చు అని వాళ్ళు రాసిచ్చారట. సోమవారం నాడు ఐదు కాగితాలూ కవర్లో పెట్టి నా చేతికిచ్చింది. నాది ఐదోదని నాకు మాత్రమే చెప్పింది. దారిలో బస్సులో నిలబడే చదివేసుకున్నాను. నా బతుకే, కానీ నన్ను నేనే గుర్తుపట్టలేకపోయాను. పక్కనున్నావిడ పాదం తొక్కానని తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం గిరాకీ తగ్గాక షట్టర్ సగం దించాం. తమ్ముడు చేతులు కడుక్కుని, తుడుచుకుని, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. వాడి కుడి చూపుడువేలికి ఎప్పటిలాగే కట్టు. తాళాలతో పనిచేసేవాడికి దెబ్బలు మామూలే కదా అనుకునేదాన్ని.

మొదటి కాగితం చదివాడు. "ఈయనెవరో బాగా చదువుకున్నాయన. పరీక్షల్లో భయం గురించి ఉంది. నువ్వు కాదు," అని బోర్లించాడు.

రెండోది. "బిడ్డ పుట్టాక ఏడుపు ఆగలేదట, పాపం. నువ్వు కాదు."

మూడోది తీసి, రెండు వాక్యాలు చదివి, కింద పెట్టేశాడు. "తర్వాత చూస్తాను," అంటూ నాలుగోది అందుకున్నాడు. "ఈమెకు నడివయసట. పదిమందిలో నోరు విప్పలేదట. నువ్వా? నీ నోట్లో నువ్వుగింజ నానదు."

"పని చూడు!" అన్నాను. తర్వాతది నాదే.

వాడు ఐదో కాగితం పైకెత్తి, మా ఇంట్లో అందరికీ అలవాటైనట్టు, పెదవులు కదుపుతూ చదివాడు. "ఒక వ్యక్తి. చేతిపని. ఉత్సాహపు దశలో కొన్ని రోజులు నిద్ర లేదు. పనికి సంబంధించిన వస్తువులను అవసరానికి మించి పెద్ద సంఖ్యలో తయారుచేశారు. మొదటి మూడు మందులతో ఫలితం లేదు..." నేను బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. ఆ వస్తువుల బస్తా వీపున మోసింది వాడే కదా. ఇంకో క్షణంలో దొరికిపోతాను, నా సంతకం గాలికి పోతుంది.

"ఇతనెవరో కుండలు చేసేవాడు," అన్నాడు వాడు. "లేకపోతే బొమ్మలు. ఎన్ని కుండలు చేసుంటాడో పాపం." బోర్లించాడు.

కేక వేద్దామనిపించింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆగాను. వాడు మూడో కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి పెదవులు కదపలేదు. చాలాసేపు చదివాడు, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. తర్వాత దాన్ని నా ముందు పెట్టి, కట్టున్న వేలు దాని మీద ఆనించాడు.

"ఇదే," అన్నాడు.

"ఓడిపోయావ్!" అని ఎగిరి గంతేశాను. నిజంగానే ఎగిరాను, నెత్తి సగం దించిన షట్టర్‌కు కొట్టుకుంది. "ఓడిపోయావురా గట్టోడా! అది నాది కాదు! నాది ఐదోది! బస్తా మోసినవాడివి, నువ్వే గుర్తుపట్టలేదు! చూశావా తాళం అంటే అదీ! సంతకం పెట్టేస్తున్నా!"

వాడు నవ్వలేదు. గొడవా పడలేదు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"నీది కాదని తెలుసు," అన్నాడు. "ఇది నాది. నా గురించి వాళ్ళకెవరు చెప్పారక్కా? నువ్వేనా?"

నాకేమీ అర్థం కాలేదు. నెత్తి రుద్దుకుంటూ కాగితం లాక్కుని చదివాను.

ఒక వ్యక్తి. తలుపు వేశానో లేదో అన్న అనుమానంతో వెనక్కి వెళ్ళి చూసేవారు. మొదట్లో రెండుసార్లు, తర్వాత పది, ఇరవై. లాగి లాగి వేళ్ళు వాచేవి. ఏదో మర్చిపోయానని చెప్పి ఇంట్లోవాళ్ళ దగ్గర దాచేవారు. జాగ్రత్తపరుడని అందరూ మెచ్చుకోవడంతో ఎవరికీ చెప్పుకోలేకపోయారు. ఐదేళ్ళు ఏ వైద్యుడి దగ్గరకూ వెళ్ళలేదు. చికిత్స మొదలైన ఎనిమిది నెలలకు, ఒక్కసారి చూసుకుని వెళ్ళగలుగుతున్నారు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత ఎన్నిసార్లు వాడి మీదే ప్రయోగించి నవ్వానో. ఇప్పుడు వాడు నిజంగానే తడుముకుంటే నవ్వు రాలేదు. నేను చూసింది భుజాలు కాదు, ఆ చూపుడువేలు. స్క్రూడ్రైవర్. పదిసార్లు లాగడం. తాళం వేసిన ఇంటి ముందు వాడు నిలబడిపోతే, పనిమీద ఎంత శ్రద్ధో అని పదిమందికీ చూపించినదాన్ని నేనే. ఇంకో వృత్తిలో ఉండుంటే ఎవరైనా కనిపెట్టేవారేమో. మా వృత్తిలో మాత్రం ఆ జబ్బుకు చప్పట్లు కొట్టాం, ముద్దుపేరు కూడా పెట్టాం. పదేళ్ళు నా జబ్బుకు కాపలా కాసిన మనిషి పక్కనే కూర్చుని, వాడి జబ్బును నేను చూడలేదు. నాకు సిగ్గేసింది.

"నేనేం చెప్తానురా, నాకు తెలిస్తేగా?" అన్నాను. "ఇది నీది కాదు. ఇంకెవరిదో. ఏ ఊళ్ళోనో ఉన్న మనిషిది."

"ఇంకెవరికైనా ఇలా ఉంటుందా?"

ఆ మాట అడిగినప్పుడు వాడు నాకు ఆరేళ్ళ పిల్లాడిలా కనిపించాడు. నేను తలూపాను.

"నీ మరదలికి కూడా చెప్పలేదక్కా," అన్నాడు. "నిన్న నాలుగిళ్ళకు రెండోసారి వెళ్ళాను. ఒక ఇంటికైతే ఐదుసార్లు. ఆ ఇంటావిడ కిటికీలోంచి చూసి భయపడింది. ఈ సంగతి బయటపడితే తాళాలవాడికే తాళం మీద నమ్మకం లేదని..." ఆగాడు. కాగితం తీసుకుని ఆఖరి వాక్యం కింద వేలు పెట్టాడు. "ఎనిమిది నెలలంట. ఒక్కసారేనంట. నిజమే అంటావా? ఒక్కసారి చూసి, వెళ్ళిపోవడమే?"

"నిజమే రాసుంటారు."

"ఒక్కసారి!" అన్నాడు మళ్ళీ. స్టూలు మీంచి లేచి ఆ ఇరుకు కొట్టులో అటూ ఇటూ రెండడుగులు వేశాడు. అంతకంటే చోటు లేదు. వాడి గొంతులో హుషారు వినిపించింది. మందు వేసుకున్నావా అని అడగబోయి ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం ఆస్పత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ వాడు చెప్పిందంతా ఓపిగ్గా వింది. దీన్ని ఓసీడీ అంటారండీ, చికిత్స ఉంది, చూసే డాక్టరుగారి దగ్గరికి నేనే తీసుకెళ్తాను అంది. అందరికీ ఎనిమిది నెలలే పట్టాలని లేదని కూడా చెప్పింది. మావాడు దేనికీ బెదరలేదు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన మూడో కాగితం తీశాడు.

"ఈ మనిషిని ఒక్కసారి కలవాలండీ," అన్నాడు.

"కుదరదండీ. ఎవరో నాకు తెలియదు."

"పోనీ, ఏ ఊరు?"

"అదీ తెలియదు."

"ఉత్తరం రాసిస్తాను, మీరే పంపించండి. థాంక్స్ చెప్పాలి, అంతే. రెండు ముక్కలు."

"పంపే దారి లేదండీ," అంది ఆవిడ, జారిన కళ్ళజోడు పైకి తోసుకుంటూ. "పేర్లున్న జాబితా మా దగ్గరుండదు. అది ఉన్నవాళ్ళు మేమడిగినా ఇవ్వరు."

"ఏదో ఒక సందు ఉంటుంది కదండీ? కొంచెం చూడండి. ఇంత గట్టిగా ఎందుకు వేశారండీ?" అని బతిమాలాడు మా తమ్ముడు.

నాకిక నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాను, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా. తాళం తెరుచుకుంటుందని వారం రోజులు నా ప్రాణం తోడినవాడు, తెరుచుకోవడం లేదని డాక్టరమ్మ బల్ల ముందు గింజుకుంటున్నాడు. తండ్రి నుంచి వచ్చిన వృత్తిలో మా ఇద్దరిదీ కలిపి నలభై ఏళ్ళ అనుభవం. ఆ తాళం ముందు ఇద్దరం చేతులెత్తేశాం.

మొదట ఉడుక్కున్నాడు. తర్వాత వాడికీ నవ్వొచ్చింది. డాక్టరమ్మ బల్ల మీదున్న పెన్ను తీసి నా చేతిలో పెట్టాడు.

"పెట్టక్కా సంతకం. నీ కాగితం చూసి ఎవడు భుజాలు తడుముకుంటాడో."

పెట్టాను. అక్షరాలు పెద్దగా పడ్డాయి, గీత దాటి కూడా పోయాయి. వాడు డాక్టరమ్మ వైపు తిరిగి తన ఫైలు కూడా పరిశోధనకు తీసుకోమన్నాడు. "ముందు వైద్యం మొదలుపెట్టండి, తొందరేం లేదు, తర్వాత ఆలోచించుకోండి," అని ఆవిడ ఎంత చెప్పినా వినకుండా, గోడ మీది క్యాలెండర్ చూసి వేళ్ళ మీద ఎనిమిది నెలలు లెక్కపెట్టుకున్నాడు.

బయటికొచ్చి రోడ్డు దాటుతుంటే మా బస్సు కనిపించింది. పరుగెత్తాం. సగం దూరంలో వాడు ఠక్కున ఆగిపోయాడు. ఆ ఆగడం నాకు తెలుసు. వాడి నోటి నుంచి రాబోయే మాట కూడా తెలుసు.

"అక్కా, స్క్రూ..." అన్నాడు. ఆగాడు. పక్కనుంచి జనం వెళ్తున్నారు. వాడు వాళ్ళను చూశాడు, నన్ను చూశాడు.

"స్క్రూడ్రైవర్ కాదక్కా," అన్నాడు, మామూలు గొంతుతో, నలుగురూ వినేలా. "పొద్దున షట్టర్ వేశానో లేదో అని భయంగా ఉంది."

బస్సు వెళ్ళిపోయింది. నేను వాడి కట్టు కట్టిన వేలు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. నాకంత సంతోషం జబ్బులో కూడా ఎప్పుడూ కలగలేదు.